ఒకే పీపాలో రెండు మందులు

మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్ వంటి విషయాల మీద నా వ్యాసాలు చదవడానికి అలవాటు పడిన మీకు ఈసారి కొంత ఆశ్చర్యం కలుగవచ్చు. గత వేసవిలో నేను అర పైంటు ఏల్ తాగాను. దాని రుచి ఎలా ఉందో, అది ఎలా తయారయిందో, ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ దాన్ని ఎందుకు నోట పెట్టుకున్నానో ఈ వ్యాసంలో చెబుతాను. మిమ్మల్ని తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. తాగేవారిని తిట్టిపోయడం కూడా కాదు. వైద్యుడిగా నేను చేసిన ఒక పొరపాటు ఈ పానీయంతో ముడిపడి ఉంది. దాన్ని చెప్పకుండా మద్యం గురించి మీకు హితబోధ చేసే అర్హత నాకు లేదని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను.

ముందుగా ఏల్ అంటే ఏమిటో చెప్పాలి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెడితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడకట్టి, హాప్స్ అనే తీగకు కాసే చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడతారు. బీరు అన్నది ఈ వర్గానికంతటికీ పేరు. అందులో తక్కువ చలిలో, త్వరగా, పైన దట్టంగా నురుగు కడుతూ పులిసేది ఏల్. చల్లని చోట నెమ్మదిగా పులిసేది లాగర్. మన ఊళ్ళలో సీసాల్లో దొరికే బీరు దాదాపు అంతా లాగరే. ఏల్‌ను పులియబెట్టే ఈస్ట్, రొట్టెను పొంగించే ఈస్ట్ ఒకే జాతివి. శాస్త్రీయ నామం సాకరోమైసిస్ సెరెవిసియే.

ఇంగ్లండు నడిబొడ్డున, ట్రెంట్ నది ఒడ్డున బర్టన్ అనే పట్టణం ఉంది. ఆ నేల అడుగున జిప్సం పొరలున్నాయి. చౌడు నేలల్లోను, వేరుశనగ చేలల్లోను మన రైతులు చల్లే జిప్సమే అది. అక్కడి బావినీటిలో కాల్షియం సల్ఫేటు సహజంగానే ఎక్కువ. ఆ నీటితో కాచిన ఏల్ తేటగా ఉంటుంది, హాప్స్ చేదు అందులో పదునుగా తేలుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో బర్టన్ నుంచి పీపాల కొద్దీ పేల్ ఏల్ ఓడలెక్కి కలకత్తాకు, మద్రాసుకు వచ్చింది. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు ఆ వర్తకం వల్ల స్థిరపడినదే. ఇక్కడి తెల్లదొరల దాహం తీర్చిన నీరు అక్కడి జిప్సం బావులదన్నమాట.

బర్టన్‌కు మరో ప్రత్యేకత ఉంది. దాన్ని బర్టన్ యూనియన్ అంటారు. 1838లో పేటెంటు పొందిన పద్ధతి. ఒకటి రెండు రోజులు తొట్టెలో పులిసిన ద్రవాన్ని వరుసగా పేర్చిన పెద్ద ఓక్ పీపాల్లోకి దింపుతారు. ఆ పీపాలన్నీ గొట్టాలతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ కలయికను బట్టే యూనియన్ అన్న పేరు. ప్రతి పీపా నడినెత్తిన హంస మెడలా వంగిన గొట్టం ఒకటి ఉంటుంది. పులుపు ఎక్కుతున్నకొద్దీ నురుగు పొంగి, ఆ మెడ గుండా పైకి ఎక్కి, పీపాల వరుస మీద పొడుగునా అమర్చిన తొట్టిలో పడుతుంది. నురుగుతో వచ్చిన ఈస్ట్ అక్కడ పేరుకుంటుంది. దానితో పాటు పైకి వచ్చిన ఏల్ మాత్రం వాలుగా జారి మళ్ళీ పీపాల్లోకి చేరుతుంది. ఇలా కొన్ని రోజులు జరిగేసరికి కింద తేటబారిన ఏల్, పైన చిక్కని ఈస్ట్ మిగులుతాయి. నేటి స్టీలు ట్యాంకుల్లో ఇదే పని తక్కువ శ్రమతో జరుగుతుంది. కొయ్య పీపాలు కడగాలి, బిగించాలి, కారితే బాగు చేయాలి. అందుకే ఈ పద్ధతిని ఒక్కొక్కరే విడిచిపెట్టారు. చాలాకాలం దాన్ని నిలబెట్టుకున్నది మార్‌స్టన్స్ అనే సంస్థ ఒక్కటే.

1987లో నేను ఇంగ్లండు మధ్య ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ పరీక్షలకు చదువుకుంటున్నాను. నాతో పాటు నా సహాధ్యాయి ఒకడు అదే ఆసుపత్రిలో ఉండేవాడు. ఇద్దరం గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. ఒకే వైద్య కళాశాలలో, ఒకే హాస్టలు గదిలో ఐదేళ్ళు గడిపాం. అతని పేరు ఇక్కడ రాయను. తెలివిలో నాకంటె రెండాకులు ఎక్కువ చదివినవాడు. రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకముందే, చేతివేళ్ళు చూసి సగం రోగం చెప్పగలిగేవాడు.

అతని వార్డులో నయమై వెళ్ళిన రోగి ఒకాయన పీపాలు చేసే వడ్రంగి. కృతజ్ఞతకొద్దీ ఒక ఆదివారం మా ఇద్దరినీ బర్టన్‌కు పిలిచాడు. యూనియన్ గదిలోకి అడుగుపెట్టగానే తాటితోపులో కల్లుకుండ దించినప్పటి వాసన వంటిదే తగిలింది నాకు. వెచ్చగా, పుల్లగా, కొంచెం పండిన అరటిపండులా. పైతొట్టిలో గోధుమరంగు నురుగు మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు కదులుతూ ఉంది. నా మిత్రుడు దాని మీదికి వంగి, "ఒరేయ్, ఇది మన ఇడ్లీపిండి పొంగడమేరా, దొరలు దీనికి పేటెంటు తీసుకున్నారు, మన అమ్మలు తీసుకోలేదు, అంతే తేడా" అన్నాడు. ఇడ్లీపిండిని పొంగించేది ప్రధానంగా బాక్టీరియా అని నేను సరిదిద్దాను. అతను నవ్వి, "నువ్వు పరీక్ష పాసవుతావు" అన్నాడు.

తర్వాత పక్కనే ఉన్న పబ్బులో పెడిగ్రీ అనే ఏల్ ఇప్పించారు. అది ఆ యూనియన్ పీపాల్లో పులిసినదే. నా జీవితంలో మొదటి గ్లాసు. ముదురు తేనెరంగు. మంచులా చల్లగా కాక, కుండనీళ్ళ చల్లదనంతో ఉంది. ముక్కు దగ్గరకు తీసుకోగానే అగ్గిపుల్ల గీసినప్పటి గంధకపు వాసన చురుక్కుమని తగిలి, మరుక్షణంలో పోయింది. జిప్సం నీటివల్ల వచ్చే ఈ వాసనను అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. మొదటి గుక్కలో రస్కు రుచి, వెనకే పేరుపళ్ళ వాసన, చివర వేపపువ్వు చేదు. ఆ చేదు నాలుక వెనకభాగంలో కొంతసేపు నిలిచి, నోరు పొడిబారినట్టు చేసి, మరో గుక్క కోరింది. నేను సగం తాగి ఆపేశాను. మిత్రుడు తన గ్లాసు, నా సగం రెండూ ముగించాడు. ఆ రోజు అందులో చెడు ఏమీ కనబడలేదు. నిజానికి ఆ రోజు చెడు ఏమీ లేదు కూడా.

ఆ పైతొట్టిలో పేరుకున్న ఈస్ట్ ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను. ఎందుకంటే వైద్యచరిత్రలో ఒక గొప్ప అధ్యాయం ఆ నురుగు నుంచే మొదలయింది. తర్వాతి విడత కాపుకు కావలసినంత ఉంచుకోగా, ఈస్ట్ గుట్టలుగా మిగిలిపోయేది. 1902లో బర్టన్‌లోనే ఒక కంపెనీ మొదలయింది. అక్కడి ఏల్ తయారీదారుల దగ్గర మిగిలిన ఈస్ట్‌ను కొని, ఉప్పు కలిపి, చిక్కబెట్టి, మార్మైట్ అనే నల్లని లేహ్యం చేసి అమ్మింది. ఆంగ్లేయులు దాన్ని రొట్టెకు రాసుకొని తింటారు. మన నోటికి అది సోయాసాసు, పాతచింతకాయ పచ్చడి కలిపినట్టుంటుంది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వారి ఎర్రరక్తకణాలు సంఖ్యలో తక్కువగా, పరిమాణంలో పెద్దవిగా ఉండేవి. ఆమె వారి తిండిని పరిశీలించింది. అటువంటి తిండి మీద ఉంచిన కోతులకు కూడా రక్తం తగ్గింది. వాటికి మార్మైట్ పెడితే తేరుకున్నాయి. స్త్రీలకు పెడితే వారూ తేరుకున్నారు. 1931లో ఆమె ఈ విషయాన్ని ప్రకటించింది. ఈస్ట్‌లోని ఏ పదార్థం ఆ పని చేసిందో అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్ని విల్స్ కారకం అని పిలిచారు.

ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. ఫోలిక్ ఆమ్లం లోపం ఆ వ్యాధిలో ఒక ముఖ్యభాగం. తన ఇంటిని దెబ్బతీసిన వ్యాధికి పనికివచ్చే మందు ఆయన చేతుల మీదుగా వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే మందులు కూడా ఆ బృందమే తయారు చేసింది. వాటితోనే 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా అదుపు చేయగలమని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ నిరూపించాడు. అదే కోవలోని మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి ఈనాటికీ వాడుతున్నాం. మన గర్భిణీలకు ప్రభుత్వం ఇచ్చే ఇనుము మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. గర్భం రాకముందు నుంచే ఈ మాత్ర వేసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు నివారించవచ్చు. ఇప్పుడు మాత్రలన్నీ కృత్రిమంగా తయారైనవే. అయినా వాటి వంశవృక్షం మొదట్లో ఏల్ పీపాల మీద పొంగిన నురుగు ఉంది.

"అయితే డాక్టరుగారూ, బీరు తాగితే రక్తం పడుతుందన్నమాట" అని మీలో కొందరు అనుకోవచ్చు. నా దగ్గరకు వచ్చిన రోగులు ఈ మాట చాలాసార్లు అన్నారు. బీరులో కొద్దిపాటి ఫోలేట్ ఉన్నమాట నిజమే. కాని ఆల్కహాలు అదే ఫోలేట్‌ను పేగులు పీల్చుకోకుండా అడ్డుకుంటుంది, కాలేయంలో నిలవ ఉండనివ్వదు, మూత్రంలో బయటకు పంపిస్తుంది. ఎముకలోని మజ్జను నేరుగా కూడా దెబ్బతీస్తుంది. కాబట్టి రోజూ ఎక్కువగా తాగేవారి ఎర్రకణాలు బొంబాయి మిల్లుల్లోని ఆ పేద స్త్రీల కణాల్లాగే పెద్దవవుతాయి. మన భాషలో మందు అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఆ పీపా పైతొట్టిలోకి ఒక మందు ఎక్కింది. అడుగున మరో మందు మిగిలింది. పైదాన్ని రోగులకిచ్చాం, కిందిదాన్ని తాగాం. కిందిది పైదానికి విరుగుడుగా పనిచేస్తుంది.

నేను, నా మిత్రుడు నాలుగేళ్ళ తేడాతో స్వదేశానికి తిరిగి వచ్చాం. ఇరవై మైళ్ళ దూరంలో రెండు పట్టణాల్లో ప్రాక్టీసు పెట్టుకున్నాం. అతను మంచి పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడ బర్టన్ ఏల్ దొరకదు. దొరికేది విస్కీ, బ్రాందీ. రాత్రి క్లినిక్ మూసిన తర్వాత రెండు పెగ్గులు అలవాటు అయిందని విన్నాను. పని ఒత్తిడి ఉన్నవాడు కదా అనుకున్నాను. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు చేతులు కొద్దిగా వణకడం చూశాను. వయసు అనుకున్నాను. అప్పటికి మాకు నలభై ఐదేళ్ళు.

1999లో ఒకసారి నీరసంగా ఉందంటూ నా దగ్గరకు వచ్చాడు. తన రక్తపరీక్ష చీటీ తానే తెచ్చాడు. హీమోగ్లోబిన్ కొంచెం తక్కువ. ఎర్రకణం సగటు పరిమాణం, అంటే ఎం.సి.వి., 108. మామూలుగా అది 80 నుంచి 100 లోపు ఉండాలి. జి.జి.టి. అనే కాలేయ పరీక్ష ఫలితం మామూలుకు నాలుగు రెట్లు. చీటీ నా చేతికిచ్చి కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. వేళ్ళు చూసి రోగం చెప్పే మనిషికి ఆ చీటీ అర్థం కాకుండా ఉంటుందా? అతనికి తెలుసు. నాకూ తెలుసు. నేను అడుగుతానేమోనని అతను భయపడ్డాడో, అడగాలని కోరుకున్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

నేను అడగలేదు. "బి కాంప్లెక్సు, ఫోలిక్ ఆమ్లం మూడు నెలలు వేసుకోరా, తర్వాత చూద్దాం" అని రాసిచ్చాను. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మేము పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.

మూడు నెలలకు అతను రాలేదు. నేనూ కబురు పెట్టలేదు. రెండేళ్ళకు కామెర్లు వచ్చాయి, తర్వాత పొట్టలో నీరు చేరింది. 2003లో రక్తపు వాంతితో ఒక తెల్లవారుజామున పోయాడు. పదో రోజున అతని భార్య బీరువాలోంచి పాత కాగితాల కట్ట తీసి, అందులో నా చేతివ్రాత ఉన్న చీటీ చూపించింది.

"అన్నయ్యగారూ, ఇది రాసినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

ఆమె ఇంకేమీ అడగలేదు. కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆ రెండు మాటలు నేను ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నాను.

ఇది స్నేహితుణ్ణి నొప్పించకూడదన్న మర్యాద అని నేను నాకు చాలాకాలం చెప్పుకున్నాను. అది మర్యాద కాదు, పిరికితనం. ముక్కూమొహం తెలియని రోగిని అయితే మొదటి నిమిషంలోనే అడిగేవాణ్ణి. తోటి వైద్యుణ్ణి, ఒక కంచంలో తిన్నవాణ్ణి అడగలేకపోయాను. అడిగి ఉంటే బతికేవాడని చెప్పలేను. 1999 నాటికి కాలేయం ఇంకా కోలుకునే దశలో ఉండే అవకాశం ఉందని మాత్రం వైద్యుడిగా చెప్పగలను.

2024 జనవరిలో బర్టన్‌లోని చివరి యూనియన్ పీపాలకు స్వస్తి చెబుతున్నారన్న వార్త చదివాను. వాటిలో ఒక వరుసను మాత్రం డెర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ అనే ఏల్ తయారీ సంస్థ తీసుకొని, విప్పి, తరలించి, మళ్ళీ నిలబెట్టింది. గత వేసవిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు అల్లుణ్ణి అడిగి, ఆ పీపాల్లో పులిసిన ఏల్ అమ్మే చోటుకు వెళ్ళాను. మందు ముట్టని మామగారు నోరు తెరిచి అడిగేసరికి అతను కొంత తడబడ్డాడు. కారణం దారిలో చెప్పాను.

చేతిపంపుతో లాగి అర పైంటు పోశారు. లేతబంగారు రంగు. గాజు అంచున నురుగు సన్నని జల్లెడలా అంటుకుంది. 1987 నాటి గంధకపు వాసన ఇందులో లేదు. అది బర్టన్ బావినీటిది, పీపాలతో పాటు తరలి వచ్చేది కాదు. కాని నోట్లో పెట్టుకోగానే పాత గుర్తు ఒకటి లేచింది. నాలుక మీద ఆ మెత్తదనం, పళ్ళ వాసన, దేనికది విడివిడిగా తెలిసే తేటదనం. హాప్స్ ఇందులో నిమ్మ, బత్తాయి తొక్కల వాసనతో ఉన్నాయి. చేదు మునుపటికంటె ఎక్కువ. చివర నోరు పొడిబారడం మాత్రం అలాగే ఉంది. నాలుగు గుక్కలు తాగాను. ఐదో గుక్కకు చెవులు వెచ్చబడ్డాయి. డెబ్బై దాటిన ఒంటికి, రక్తపోటు మాత్రలు వేసుకునేవాడికి అది చాలు. గ్లాసు పక్కన పెట్టాను. ఈసారి మిగిలిన సగం తీసుకోవడానికి ఎవరూ లేరు.

రుచి బాగుంది. ఈ మాట దాచకుండా రాస్తున్నాను. మద్యం చేదనీ, కంపనీ, తాగేవాళ్ళంతా బుద్ధిలేనివాళ్ళనీ మేము వైద్యులం చెప్పినంతకాలం, తాగేవాళ్ళు మమ్మల్ని చూసి లోలోపల నవ్వుకుంటారు. అది బాగుంటుందని వాళ్ళకు తెలుసు. అందులో పనితనం ఉంది, చరిత్ర ఉంది, స్నేహం ఉంది. ఇవన్నీ ఉండగానే అది కాలేయాన్ని తింటుంది. అందుకే కష్టం.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 5 శాతం ఆల్కహాలు ఉన్న ఏల్ అర పైంటులో, అంటే 284 మిల్లీలీటర్లలో, సుమారు 11 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 41 గ్రాములు. మన ఊళ్ళలో క్వార్టర్ అని పిలిచే 180 మిల్లీలీటర్ల విస్కీలో, 42.8 శాతం లెక్కన, సుమారు 61 గ్రాములు. బ్రిటన్ వైద్యాధికారులు 2016లో వారానికి దాటకూడదని చెప్పిన పరిమితి 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు. రోజూ ఒక క్వార్టర్ తాగేవాడు ఆ వారపు పరిమితిని రెండో రోజు రాత్రికే దాటేస్తాడు. "నేను తాగేది బీరే కదండీ" అనేవారు రెండు స్ట్రాంగ్ సీసాలలో క్వార్టర్ కంటె ఎక్కువే తాగుతున్నారని గమనించాలి. ఆల్కహాలును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1988లోనే చేర్చారు. పూర్తిగా క్షేమమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. తాగనివారు ఆరోగ్యం కోసమని మొదలుపెట్టవలసిన అవసరం ఏమాత్రం లేదు.

మీ రక్తపరీక్ష చీటీలో ఎం.సి.వి. 100 దాటి ఉంటే దానికి మద్యం ఒక్కటే కారణం కాదు. బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, మెథోట్రెక్సేట్ వంటి కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. శాకాహారుల్లోను, చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలోను బి12 తగ్గుతుంది. అటువంటప్పుడు బి12 చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కాబట్టి మాత్ర కంటె ముందు కారణం తెలుసుకోవాలి. ఎం.సి.వి.తో పాటు జి.జి.టి. కూడా పెరిగి ఉంటే మద్యం గురించి తప్పక అడగాలి.

ఎలా అడగాలన్నది కూడా కష్టమైన పని కాదు. నేను ఆ రోజు అడగవలసిన ప్రశ్నలు నాలుగే. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వేస్తుందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున్నే లేవగానే నరాలు కుదుటపడడానికో, తల దిమ్ము తగ్గడానికో తాగవలసి వచ్చిందా? రెండింటికి అవునని జవాబు వస్తే వైద్యుణ్ణి కలవాలి. ఈ ప్రశ్నలు నలుగురిలో అడగకండి. తాగి ఉన్నప్పుడు అడగకండి. పొద్దుటిపూట, ఇద్దరే ఉన్నప్పుడు, కోపం లేని గొంతుతో అడగండి. జవాబు వెంటనే రాకపోతే మళ్ళీ వారం అడగండి.

ఒక హెచ్చరిక. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా, సొంతంగా మానేయకూడదు. రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుల పర్యవేక్షణలో మందులతో, విటమిన్ బి1 ఇస్తూ మాన్పించాలి. దేవుడి ముందు ప్రమాణం చేయించి ఇంటికి తీసుకొచ్చి గదిలో పెట్టేవారు ఈ విషయం మరవకూడదు. మద్యం ఆపితే కాలేయంలోని కొవ్వు కొద్ది వారాలలో తగ్గడం మొదలవుతుంది. ఎర్రకణాలు మూడు నాలుగు నెలల్లో మామూలు పరిమాణానికి వస్తాయి. దేహం ఇంత ఓపికగా ఎదురుచూస్తుంది.

ఇంగ్లండు నుంచి వచ్చిన తర్వాత నా మిత్రుడి ఇంటికి వెళ్ళాను. అతని కొడుకు ఇప్పుడు వైద్యుడే. వాళ్ళమ్మ ఎదుటే అతనికి ఈ కథంతా చెప్పి, ఈ వ్యాసం రాయడానికి అనుమతి అడిగాను. ఆమె కాసేపు ఊరుకుని, "రాయండి అన్నయ్యగారూ, ఎవరైనా అడుగుతారేమో" అంది. వచ్చేటప్పుడు ఆ కుర్రవాణ్ణి వీధి చివరి వరకు నడవమని, ఇద్దరమే ఉన్నప్పుడు ఆ నాలుగు ప్రశ్నలు అడిగాను. అతను నొచ్చుకోలేదు. జవాబు చెప్పాడు. ఆ జవాబు మా ఇద్దరి మధ్యనే ఉంటుంది.

మీరు అడగవలసినవారు ఎవరో మీకు ఇప్పటికే గుర్తుకు వచ్చి ఉంటారు. రేపు పొద్దున అడగండి.